100 వోల్టులిస్తే రెసిస్టరు మీద 60, కాయిల్ మీద 70: అదనంగా వచ్చిన ఆ 30 ఎక్కడిది?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. చిత్తూరులో డిప్లొమా రెండో సంవత్సరం చదువుతున్నారు. ల్యాబులో 120 ఓముల దగ్గర నిలిపిన రియోస్టాట్‌ను (నిరోధాన్ని మార్చుకోగలిగే రెసిస్టరు), ఇనుప కోరు ఉన్న ఒక కాయిల్‌ను సిరీస్‌లో కలిపి వేరియాక్ (ఏసీ వోల్టేజీని కావలసినంతకు మార్చే ట్రాన్స్‌ఫార్మర్) నుంచి 100 వోల్టుల ఏసీ ఇచ్చారు. అమ్మీటరు అర ఆంపియరు చూపింది. రియోస్టాట్ మీద 60 వోల్టులు, కాయిల్ మీద 70 వోల్టులు వచ్చాయి. కూడితే 130. పైథాగరస్ సూత్రంతో కలపమని మీ స్నేహితుడు చెప్పాడు, అలా చేస్తే 92 వచ్చింది, అదీ 100 కాదు. మల్టీమీటరుతో కొలిస్తే కాయిల్ నిరోధం 22 ఓములు. అదే సర్క్యూట్‌కు 12 వోల్టుల బ్యాటరీ పెడితే 10.1, 1.9 వచ్చాయి, కూడిక చక్కగా కుదిరింది. చివరికి బ్యాటరీ వైరును చేత్తో ఊడదీస్తే వేళ్లకు గట్టిగా షాక్ కొట్టింది. మీటరు చెడిపోయిందా, సర్క్యూట్‌లోని వోల్టేజీలన్నీ కూడితే ఇచ్చిన వోల్టేజీ రావాలనే కిర్చాఫ్ సూత్రం ఏసీకి పనిచేయదా, 12 వోల్టులకు షాక్ ఎలా కొడుతుంది? ఇవీ మీ సందేహాలు.

ముందు సూటిగా జవాబు. మీటరు బాగానే ఉంది, కిర్చాఫ్ సూత్రమూ బాగానే ఉంది. ఆ 60, ఆ 70 ఒకే క్షణానికి చెందిన వోల్టేజీలు కావు. రెసిస్టరు మీది వోల్టేజీ ఒక క్షణంలో శిఖరానికి చేరితే, కాయిల్ మీది వోల్టేజీ అంతకు కొన్ని మిల్లీసెకన్ల ముందే చేరి దిగిపోతూ ఉంటుంది. అందుకే మామూలు కూడిక కుదరదు. పైథాగరస్ లెక్క కుదరాలంటే ఆ రెండింటి మధ్య ఖచ్చితంగా 90 డిగ్రీల తేడా ఉండాలి. మీ కాయిల్‌లో రాగి తీగకు సొంత నిరోధం ఉంది కాబట్టి ఆ తేడా 80 డిగ్రీల దగ్గరే ఆగింది. ఇక షాక్ కొట్టింది బ్యాటరీ కాదు, కాయిల్.

ఈ మూడింటికీ మూలం ఒక్కటే. కాయిల్ మీద వోల్టేజీని నిర్ణయించేది కరెంటు ఎంత ఉందన్నది కాదు, కరెంటు ఎంత వేగంగా మారుతోందన్నది. ఈ ఒక్క మాట పట్టుకుంటే మిగతాదంతా దానంతట అదే వస్తుంది. నేను తిరుపతిలో ఒక పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రికల్ ల్యాబు చూసుకుంటాను, అంతకు ముందు చిత్తూరులో మోటారు వైండింగ్ పని చేశాను. ఈ మాట బాగా వంటబట్టినవాళ్లు సూత్రాలు మరిచిపోయినా సర్క్యూట్ ముందు తడబడరు. సూత్రాలు మాత్రమే గుర్తున్నవాళ్లు మొదటి వింత రీడింగుకే ఆగిపోతారు. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

రెసిస్టరు సంగతి సులువు. అందులో ఈ క్షణాన కరెంటు ఎంతో, ఈ క్షణాన వోల్టేజీ దానికి తగ్గట్టే. నిన్నటి సంగతి దానికి అక్కర్లేదు. కాయిల్ అలా కాదు. అందులో కరెంటు పారితే చుట్టూ అయస్కాంత క్షేత్రం ఏర్పడుతుంది. కరెంటు మారితే క్షేత్రం మారుతుంది. క్షేత్రం మారితే ఆ తీగ చుట్లలోనే వోల్టేజీ పుడుతుంది. దీన్ని ఫారడే 1831లో కనిపెట్టాడు. అలా పుట్టిన వోల్టేజీ ఎప్పుడూ తన పుట్టుకకు కారణమైన మార్పునే అడ్డుకుంటుందని లెంజ్ 1834లో చెప్పాడు. కరెంటు పెరుగుతుంటే పెరగనివ్వదు, తగ్గుతుంటే తగ్గనివ్వదు. కాయిల్‌కున్న ఈ అడ్డుకునే గుణమే ఇండక్టెన్స్, దాని కొలత హెన్రీ. ఒక హెన్రీ ఇండక్టెన్స్ ఉన్న కాయిల్‌లో కరెంటు సెకనుకు ఒక ఆంపియరు చొప్పున మారుతుంటే దాని మీద ఒక వోల్టు ఉంటుంది. కరెంటు పది ఆంపియర్ల దగ్గర కదలకుండా నిలిచి ఉంటే, తీగ నిరోధాన్ని పక్కన పెడితే, వోల్టేజీ సున్నా.

మా ఊళ్లో గోవిందరాజస్వామి తేరు లాగడం చూసి ఉంటే ఇది వెంటనే మనసుకెక్కుతుంది. తేరును కదిలించేటప్పుడు వందల చేతులు తాడు పట్టి లాగాలి. ఒకసారి దొర్లడం మొదలయ్యాక ఇరుసుల రాపిడికి సరిపడా లాగితే చాలు. ఆపాలంటే చక్రాల కింద చెక్కలు వేయాలి, ఆ చెక్కల మీద పడే ఒత్తిడి మామూలుగా ఉండదు. ఇరుసు రాపిడి మన రెసిస్టరు, తేరు బరువు మన ఇండక్టెన్స్, వేగం కరెంటు, లాగే బలం వోల్టేజీ. మీకు తగిలిన షాక్ ఆ చెక్క మీద పడిన ఒత్తిడే.

ముందు బ్యాటరీ ప్రయోగం చూద్దాం. 12 వోల్టులు కలిపిన మొదటి క్షణంలో కరెంటు సున్నా. రెసిస్టరు మీద వోల్టేజీ కూడా సున్నా. అంటే మొత్తం 12 వోల్టులూ కాయిల్ మీదే పడతాయి, దాంతో కరెంటు వేగంగా పెరగడం మొదలవుతుంది. కరెంటు పెరిగేకొద్దీ రెసిస్టరు తన వాటా పెంచుకుంటుంది, కాయిల్‌కు మిగిలేది తగ్గుతుంది, పెరుగుదల నెమ్మదిస్తుంది. చివరికి కరెంటు 12ను 142తో (120కి కాయిల్ తీగ 22 కలిపితే వచ్చేది) భాగిస్తే వచ్చే 85 మిల్లీ ఆంపియర్ల దగ్గర నిలుస్తుంది. అప్పుడు కాయిల్ మీద మిగిలిన 1.9 వోల్టులు కేవలం రాగి తీగ నిరోధం వల్ల ఉన్నవి. మీరు కొలిచింది ఈ చివరి దశనే.

ఆ ఎదుగుదల మీకు ఎందుకు కనిపించలేదంటే, అది చాలా త్వరగా ముగిసింది. ఇండక్టెన్స్‌ను మొత్తం నిరోధంతో భాగిస్తే వచ్చే కాలాన్ని టైమ్ కాన్‌స్టెంట్ అంటాం. మీ కాయిల్ ఇండక్టెన్స్ సుమారు 0.44 హెన్రీ అని కింద లెక్కలో తేలుతుంది. 0.44ను 142తో భాగిస్తే దాదాపు 3 మిల్లీసెకన్లు. అంత కాలంలో కరెంటు తన చివరి విలువలో 63 శాతానికి చేరుతుంది, దానికి మూడింతల కాలంలో 95 శాతానికి, అయిదింతల్లో 99 శాతం దాటుతుంది. అంటే 15 మిల్లీసెకన్లలో కథ ముగిసింది. ముల్లు ఉన్న మీటరైనా, అంకెల మీటరైనా అంత వేగం అందుకోలేదు. ఇక్కడ పిల్లలు తరచుగా తికమకపడే విషయం ఒకటుంది: నిరోధం పెరిగితే కరెంటు త్వరగా స్థిరపడుతుంది, ఆలస్యంగా కాదు. చేరవలసిన ఎత్తే తగ్గిపోతుంది కదా.

ఇప్పుడు ఏసీ. మన సరఫరా 50 హెర్ట్‌జ్‌ది, అంటే ఒక పూర్తి తరంగానికి 20 మిల్లీసెకన్లు. మీ కాయిల్‌లో కరెంటుకు స్థిరపడే అవకాశమే రాదు. ఎక్కడా నిలవకుండా పెరుగుతూ, తగ్గుతూ, తిరగబడుతూ ఉంటుంది. కరెంటు శిఖరం మీద ఉన్న క్షణంలో అది పెరగడమూ లేదు, తగ్గడమూ లేదు. కాబట్టి ఇండక్టెన్స్ వల్ల వచ్చే వోల్టేజీ ఆ క్షణాన సున్నా. కరెంటు సున్నాను దాటుతున్న క్షణంలో అది అన్నిటికంటే వేగంగా మారుతుంటుంది. కాబట్టి ఆ వోల్టేజీ అప్పుడు శిఖరం మీద ఉంటుంది. కరెంటు కంటే వోల్టేజీ పావు తరంగం, అంటే 90 డిగ్రీలు, ముందు నడవడం అన్నది ఇదే. బట్టీ పట్టాల్సిన నియమం కాదు.

మీ రీడింగులతోనే రెండు క్షణాలు తీసుకుని చూపిస్తాను. మీటరు చూపేది ఆర్ఎంఎస్ విలువ, శిఖరం దానికి 1.414 రెట్లు. కరెంటు శిఖరం మీద ఉన్న క్షణంలో రెసిస్టరు మీద 84.9 వోల్టులు. కాయిల్‌లో ఇండక్టెన్స్ వాటా సున్నా, నిరోధం వాటా 17.7 వోల్టులు. మొత్తం 102.5. సరిగ్గా అదే క్షణంలో వేరియాక్ ఇస్తున్నదీ 102.5 వోల్టులే. ఇక కరెంటు సున్నా దాటే క్షణంలో రెసిస్టరు మీద సున్నా, కాయిల్ మీద 97.4 వోల్టులు, వేరియాక్ దగ్గరా 97.4 వోల్టులే. తరంగంలో ఎక్కడ ఆపి చూసినా కూడిక తప్పదు. కిర్చాఫ్ 1845లో చెప్పిన సూత్రం ప్రతి క్షణానికీ వర్తిస్తుంది. ఆర్ఎంఎస్ అంకెలు మాత్రం ఏ ఒక్క క్షణానివీ కావు, మొత్తం తరంగం మీద తీసిన సగటు లాంటివి. వేర్వేరు సమయాల్లో శిఖరాలకు చేరే రెండు తరంగాల సగటులను నేరుగా కూడితే అసలు కంటే ఎక్కువే వస్తుంది. మీకు ఎక్కువగా కనిపించిన 30 వోల్టులు అలా వచ్చినవే. వాటిని ఎక్కడా వెతకనక్కర్లేదు.

పైథాగరస్ ఎందుకు తప్పింది? మీ స్నేహితుడి ఆలోచన సరైనదే, కానీ అది కేవలం ఇండక్టెన్స్ మాత్రమే ఉన్న కాయిల్‌కు సరిపోతుంది. అలాంటి కాయిల్ ల్యాబులో దొరకదు. మీ కాయిల్ మీటరుకు ఒకే వస్తువుగా కనిపించినా, లోపల ఒక చిన్న రెసిస్టరు, ఒక శుద్ధమైన ఇండక్టరు సిరీస్‌లో ఉన్నట్టే ప్రవర్తిస్తుంది. ఆ రెండింటినీ విడదీయడానికి మూడు వోల్టేజీ రీడింగులు చాలు, దీన్నే మూడు వోల్టుమీటర్ల పద్ధతి అంటారు. 100 వర్గంలోంచి 60 వర్గాన్ని, 70 వర్గాన్ని తీసేయండి: 10000 − 3600 − 4900 = 1500. దాన్ని 2 × 60 × 70, అంటే 8400తో భాగిస్తే 0.179. ఇది కాయిల్ కోణానికి కొసైన్. కోణం దాదాపు 80 డిగ్రీలు. కాయిల్‌లో నిరోధం వాటా 70 × 0.179 = 12.5 వోల్టులు, ఇండక్టెన్స్ వాటా 68.9 వోల్టులు.

ఇప్పుడు పైథాగరస్ పెట్టండి. ఒక భుజం 60 + 12.5 = 72.5, రెండో భుజం 68.9. కర్ణం 100. ఒక్క వోల్టు కూడా అటూ ఇటూ పోలేదు చూశారా? నిరోధాల వోల్టేజీలన్నీ ఒకే దిశలో మామూలుగా కూడాలి, ఇండక్టెన్స్ వోల్టేజీని వాటికి లంబంగా పెట్టాలి. మీ స్నేహితుడు చేసిన పొరపాటల్లా కాయిల్ మీది 70ని మొత్తంగా లంబంగా పెట్టడమే.

ఆ 68.9ని అర ఆంపియరుతో భాగిస్తే కాయిల్ రియాక్టెన్స్, అంటే ఇండక్టెన్స్ వల్ల ఏసీకి కలిగే అడ్డు, 138 ఓములు వస్తుంది. 50 హెర్ట్‌జ్ దగ్గర 2 × 3.14 × 50 = 314. 138ని 314తో భాగిస్తే 0.44 హెన్రీ. పైన వాడిన అంకె ఇదే. మొత్తం ఇంపెడెన్స్ (నిరోధం, రియాక్టెన్స్ కలిసిన అడ్డు) 200 ఓములు, 100 వోల్టులకు అర ఆంపియరు, మీ అమ్మీటరు చెప్పినదే. మీ పుస్తకంలో ఇదే లెక్కను జె గుర్తుతో సంక్లిష్ట సంఖ్యల్లో చేసి ఉంటారు. ఆ దారి చూపినవాడు స్టెయిన్‌మెట్జ్ అనే ఇంజనీరు, 1893లో. అది గీతలు గీసే శ్రమ తప్పించే పద్ధతి. ఈ త్రిభుజం కంటే వేరే సత్యమేదీ అందులో లేదు. కాబట్టి ముందు కాగితం మీద త్రిభుజం గీయండి, ఆ తర్వాతే జె జోలికి వెళ్లండి.

ఒక విషయం మీరు గమనించి ఉండకపోవచ్చు, నాకు మీ రీడింగుల్లో అన్నిటికంటే నచ్చింది అదే. కాయిల్ నిరోధం వాటా 12.5 వోల్టులను అర ఆంపియరుతో భాగిస్తే 25 ఓములు. మల్టీమీటరు చూపింది 22. మిగతా 3 ఓములు ఏ తీగలోనూ లేవు. ఏసీలో ఇనుప కోరు సెకనుకు వంద సార్లు దిశ మార్చుకుని అయస్కాంతీకరణ చెందాలి, అందుకు కొంత శక్తి వేడిగా పోతుంది. కోరు రేకుల్లో తిరిగే సుడి కరెంట్ల వల్ల ఇంకొంత పోతుంది. సర్క్యూట్‌కు ఆ నష్టం అదనపు నిరోధంగా కనిపిస్తుంది. కోరు తీయడానికి వీలుంటే తీసి మళ్లీ కొలవండి: ఏసీ, డీసీ నిరోధాలు రెండూ దాదాపు ఒకటైపోతాయి, ఇండక్టెన్స్ మాత్రం బాగా పడిపోతుంది. అప్పుడు కరెంటు పెరుగుతుంది, అమ్మీటరు మీద కన్ను వేసి ఉంచండి.

కొన్ని జాగ్రత్తలు కూడా చెప్పాలి. ఇనుప కోరు కాయిల్ ఇండక్టెన్స్ స్థిరమైన అంకె కాదు. కరెంటు పెంచుతూ పోతే ఒక దశలో ఇనుము సంతృప్తమవుతుంది, ఇండక్టెన్స్ తగ్గుతుంది, కరెంటు తరంగం ఆకారం కూడా చెడుతుంది. అప్పుడు చవక మల్టీమీటర్లు తప్పు చూపుతాయి, ఎందుకంటే అవి సైన్ తరంగాన్నే ఊహించుకుని లెక్కవేస్తాయి. రియోస్టాట్ కూడా తీగ చుట్టినదే కాబట్టి దానికీ కాస్త ఇండక్టెన్స్ ఉంటుంది, కానీ 50 హెర్ట్‌జ్ దగ్గర దాన్ని వదిలేయవచ్చు. అన్నిటికంటే ముఖ్యం: వేరియాక్ మిమ్మల్ని మెయిన్స్ నుంచి వేరు చేయదు. డయల్ మీద 10 వోల్టులని ఉన్నా దాని ఒక తీగ నేరుగా సరఫరాతో కలిసే ఉంటుంది. ఫేజు, న్యూట్రల్ తారుమారైన ప్లగ్గులో పెడితే ఆ తీగే 230 వోల్టుల మీద ఉంటుంది.

కాయిల్ నిరోధం చూసి కరెంటు లెక్కవేయకూడదు అన్న సంగతి వైండింగ్ షాపుల్లో రోజూ రుజువవుతూ ఉంటుంది. చంద్రగిరి వైపు నుంచి ఒక రైతు బోరు మోటారు స్టార్టరు తెచ్చాడు. కొత్త కాయిల్ వేయించినా మళ్లీ కాలిందని ఆయన బాధ. కాయిల్ నకిలీదని అనుమానం. కాంటాక్టర్ (స్టార్టరులో కాయిల్ అయస్కాంతంతో మోటారుకు కరెంటు కలిపే స్విచ్) విప్పి చూస్తే కదిలే ఇనుప ముక్కకు, కదలని ముక్కకు మధ్య చీమలు నలిగి నల్లటి పొరలా అట్టకట్టి ఉన్నాయి. వేలి గోటితో గీకితే పొడిపొడిగా రాలింది. ఆ పలచటి పొర చాలు కాయిల్ కాలడానికి. రెండు ముక్కలూ పూర్తిగా అతుక్కుంటేనే ఇనుములో అయస్కాంత మార్గం మూసుకుని ఇండక్టెన్స్ పెరుగుతుంది, కరెంటు తగ్గుతుంది. మధ్యలో గాలి సందు ఉంటే ఇండక్టెన్స్ తక్కువ, కరెంటు ఎన్నో రెట్లు ఎక్కువ. ఒక క్షణం పాటు తీసుకోవలసిన ఆ పెద్ద కరెంటును గంటల తరబడి తీసుకుంటే ఏ కాయిలైనా మాడిపోతుంది. ఇనుప ముఖాలు శుభ్రం చేసి, పెట్టెకు వైర్లు వెళ్లే రంధ్రాలు మూయించాక ఆ ఫిర్యాదు మళ్లీ రాలేదు. లైను చివర ఉన్న ఊళ్లలో వోల్టేజీ తక్కువైనప్పుడు కూడా ఇదే జరుగుతుంది: కాంటాక్టర్ సగం లాగి గుర్రుమంటూ ఉంటుంది. వోల్టేజీ తగ్గితే కాయిల్ కాలడం వింతగా అనిపిస్తుంది కానీ, కారణం ఆ తెరిచి ఉన్న సందే.

ఇంకొకటి దీనికి పూర్తిగా వ్యతిరేకం. మామిడి గుజ్జు కాలంలో చిత్తూరు చుట్టుపక్కల ఫ్యాక్టరీల నుంచి మోటార్లు వరసగా వస్తాయి. మల్టీమీటరుతో చూస్తే మూడు వైండింగుల నిరోధమూ సమానం, అయినా మోటారు మూలుగుతుంది, ఒక పక్క వేడెక్కుతుంది. ఒక వైండింగులో నాలుగైదు చుట్లు లోపల ఒకదానికొకటి తగిలి షార్టయితే నిరోధంలో తేడా మీటరు పట్టలేనంత తక్కువ. కానీ ఆ షార్టయిన చుట్లు ట్రాన్స్‌ఫార్మర్ సెకండరీలా పనిచేసి పెద్ద కరెంటు మోస్తూ అయస్కాంత క్షేత్రాన్నే దెబ్బతీస్తాయి. అందుకే అనుభవమున్న వైండరు ఓములను నమ్మడు. మూడు వైండింగులకూ విడివిడిగా వేరియాక్ నుంచి తక్కువ ఏసీ ఇచ్చి కరెంట్లు పోల్చి చూస్తాడు. ఎక్కువ తాగుతున్నదే చెడినది. డీసీ రాగిని మాత్రమే చూస్తుంది, ఏసీ అయస్కాంతాన్ని కూడా చూస్తుంది.

ఇక మీ షాక్. బ్యాటరీ వైరు లాగిన క్షణంలో కాయిల్‌లో 85 మిల్లీ ఆంపియర్లు పారుతున్నాయి. కాయిల్ కరెంటును ఒక్కసారిగా సున్నా కానివ్వదు. తెగిన చోట మీ వేళ్లు రెండు చివరలనూ తాకుతుంటే ఆ కరెంటు మీ చర్మంలోంచి వెళ్లడానికి ప్రయత్నిస్తుంది. ఆ దారి నిరోధం 5000 ఓములనుకుంటే, 0.085ను 5000తో గుణిస్తే 425 వోల్టులు. అది తొలి క్షణపు విలువ. ఆ వెంటనే కరెంటు పడిపోతుంది, తెగిన చోట రేగే నిప్పురవ్వ కొంత పంచుకుంటుంది, కోరులోని సుడి కరెంట్లు కొంత తగ్గిస్తాయి. దాచుకున్న శక్తి కూడా చాలా తక్కువ, ఒకటిన్నర మిల్లీజౌలు చిల్లర, అందుకే ఉలికిపాటుతో సరిపోయింది. పాత ట్యూబులైటు వెలిగేదీ ఈ దెబ్బతోనే. స్టార్టరు తెరుచుకోగానే చోక్‌లోని కరెంటు తెగి, వందల వోల్టులు పుట్టి ట్యూబులోని వాయువును రగిలిస్తాయి. ఆ తర్వాత అదే చోక్ కరెంటును అదుపులో ఉంచుతుంది.

చిన్న కాయిల్ కాబట్టి సరిపోయింది గానీ, రేపు ఉద్యోగంలో ట్రాన్స్‌ఫార్మర్ వైండింగ్ నిరోధాన్ని డీసీతో కొలవాల్సి వస్తుంది. అక్కడ ఇండక్టెన్స్ చాలా పెద్దది, శక్తి కరెంటు వర్గంతో పెరుగుతుంది. పరికరం కరెంటును పూర్తిగా దించేదాకా క్లిప్పును తాకవద్దు. ఈ విషయంలో తొందరపాటు ప్రాణం తీస్తుంది. మీరు రిలేలతో ప్రాజెక్టు చేస్తుంటే, డీసీ రిలే కాయిల్‌కు అడ్డంగా 1ఎన్4007 లాంటి డయోడ్‌ను తిరగవేసి పెట్టండి. వెండి రంగు గీత ఉన్న వైపు ప్లస్‌కు రావాలి. స్విచ్ తెరిచినప్పుడు కాయిల్ కరెంటు ఆ డయోడ్‌లో తిరిగి నెమ్మదిగా చల్లారుతుంది, మీ ట్రాన్సిస్టరు బతుకుతుంది. ఏసీ కాయిల్‌కు మాత్రం డయోడ్ పెట్టకూడదు, అది ప్రతి తరంగంలో సగభాగాన్ని షార్ట్ చేసేస్తుంది.

దశ తేడాను కళ్లతో చూడాలని ఉంటే సీఆర్ఓ (తరంగాలను తెర మీద చూపే పరికరం) వాడండి, కానీ వేరియాక్‌తో వద్దు. 12 వోల్టుల స్టెప్ డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టుకోండి. రెండు ఛానళ్ల గ్రౌండు లోపల ఒకటే కాబట్టి రెండు గ్రౌండు క్లిప్పులూ రెసిస్టరు సరఫరాకు కలిసే చివరనే (కాయిల్ వైపు కాదు) ఉండాలి: ఒక ఛానల్ మొత్తం సరఫరా మీద, రెండోది రెసిస్టరు మీద. రెసిస్టరు మీది తరంగమే కరెంటు తరంగం. మీ సర్క్యూట్‌కు కోణం 43.5 డిగ్రీలు రావాలి, అంటే కరెంటు శిఖరం సరఫరా శిఖరం కంటే సుమారు 2.4 మిల్లీసెకన్లు వెనక. తక్కువ వోల్టేజీ దగ్గర ఇనుము ప్రవర్తన కాస్త మారుతుంది కాబట్టి అంకె కొంచెం అటూ ఇటూ కావచ్చు.

మీరు అడగకపోయినా చివరగా ఒక ప్రయోగం చెబుతాను, ఎందుకంటే మన జిల్లాల్లో ఈ పాఠం నేరుగా పొలంలోకి వెళుతుంది. మీ సర్క్యూట్ 100 వోల్టుల దగ్గర అర ఆంపియరు తీసుకుంటోంది, అంటే 50 వోల్ట్ ఆంపియర్లు. నిజంగా ఖర్చవుతున్నది రెసిస్టరులో 30 వాట్లు, కాయిల్‌లో 6.25 వాట్లు, మొత్తం 36 చిల్లర. పవర్ ఫ్యాక్టర్, అంటే ఖర్చయ్యే వాట్లను వోల్ట్ ఆంపియర్లతో భాగిస్తే వచ్చేది, 0.725. మిగతా కరెంటు శక్తిని కాయిల్‌కు అప్పిచ్చి, మరు పావు తరంగంలో వెనక్కి తీసుకోవడానికే తిరుగుతుంది. కానీ ఆ రాకపోకలకూ తీగ వేడెక్కుతుంది, లైనులో వోల్టేజీ పడిపోతుంది. బోరు మోటార్లన్నీ ఒకేసారి నడిచే పగటి వేళ ఫీడరు చివర ఊళ్లలో వోల్టేజీ కుంగిపోవడానికి ఉన్న కారణాల్లో ఇదొకటి. వ్యవసాయ మోటారుకు కెపాసిటర్ పెట్టమని విద్యుత్తు సంస్థ అడిగేది ఇందుకే, 5 హెచ్‌పీ మోటారుకు సాధారణంగా 2 కేవీఏఆర్‌ది (కెపాసిటర్ సామర్థ్యానికి వాడే కొలత). ఉచిత విద్యుత్తు కదా, మనకేం లాభం అని కొందరు దాన్ని పీకేస్తారు. లాభం వాళ్లకే. తమ మోటారుకు అందే వోల్టేజీ మెరుగుపడుతుంది.

ఫ్యాన్లలో వాడే 2.5 మైక్రోఫారడ్ కెపాసిటర్లు నాలుగు తెచ్చుకోండి, 440 వోల్టుల ఏసీవి. నాలుగూ పారలల్‌గా కలిపితే 10 మైక్రోఫారడ్లు. దాన్ని మొత్తం సర్క్యూట్‌కు, అంటే రియోస్టాట్, కాయిల్ రెండూ కలిసిన జంటకు, అడ్డంగా పెట్టండి. అమ్మీటరును ముందు వేరియాక్ దగ్గర, తర్వాత కాయిల్ దారిలో పెట్టి రెండు చోట్లా కొలవండి. కాయిల్‌లో కరెంటు మునుపటిలాగే అర ఆంపియరు ఉంటుంది. వేరియాక్ దగ్గర మాత్రం 0.36 ఆంపియర్ల దగ్గరికి దిగుతుంది. కెపాసిటర్ మోటారు కరెంటును తగ్గించదు, లైను కరెంటునే తగ్గిస్తుంది. వైరింగు విప్పే ముందు సరఫరా తీసేసి, కెపాసిటర్ కొసలను రెండు మూడు వందల ఓముల రెసిస్టరుతో కాసేపు కలిపి ఖాళీ చేయండి. మీ రీడింగులు ఇక్కడే రాయండి, లెక్కకు కుదరకపోతే మీ కాయిల్ కోరు ఫోటో కూడా పెట్టండి, చూసి చెబుతాను.